దేశానికో రూలు నడుస్తున్న రోజుల్లో కరీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు

ముందే చెప్పేస్తున్నా, ఇది 2021 డిసెంబర్‌లో రాసింది, ఇందులోని రూళ్ళు, రేట్లు అన్నీ అప్పటివి. ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానో కింద రాశాను, అది చిన్న విషయం కాదు, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఆ ముక్క చదవకుండా వెళ్ళొద్దు.

కరీంనగర్ బస్టాండ్ నుంచి టవర్ సర్కిల్ వైపు నడుస్తుంటే ఒక గల్లీలో ఉంటుంది. షాపుకి పేరంటూ లేదు, బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అని మూడు మాటలు మాత్రమే. లోపల రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద జిరాక్స్ మిషన్, ఒక కలర్ ప్రింటర్, లామినేషన్ మిషన్ దగ్గర వదిన (షాపాయన భార్య, వచ్చేవాళ్ళందరికీ వదినే), బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. రెండేళ్ళ కిందట అయితే నేను దీని గురించి ఒక్క లైను కూడా రాసేదాన్ని కాదు. ఆధార్ కార్డు జిరాక్స్ రెండు రూపాయలకి ఎవరైనా తీసిస్తారు, అందులో రివ్యూ రాయడానికి ఏముంటుంది.

ఇప్పుడు రాస్తున్నానంటే, ఈ 2021లో మా చుట్టాల్లోనే ఒకరు షార్జాకి, ఇద్దరు సిడ్నీకి, ఇంకొకరు సౌదీలోని దమ్మాంకి బయల్దేరాల్సి వచ్చింది. కరోనా అందరికీ దాదాపు ఒకేసారి వచ్చింది గానీ లాక్‌డౌన్ మాత్రం ఏ దేశానికి ఆ దేశం తనకి తోచిన రోజు, తనకి తోచినట్టు ఎత్తేసింది. ఎత్తేసిన చోట కూడా ఫలానా టీకా అయితేనే, ఫలానా గంటల్లోపు టెస్టు అయితేనే, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఉంటేనే. డబ్బు పెడితే టికెట్ దొరికింది. కాగితం సరిగ్గా లేక శంషాబాద్ దాకా పోయి సూట్‌కేసులతో వెనక్కి వచ్చినవాళ్ళు మా వాడలోనే ఉన్నారు. ఈ షాపులో ప్రింట్ తీసే ముందు కాగితం చదువుతారు. నేనిచ్చే స్టార్లన్నీ దానికే.

వెళ్ళగానే ఏం ప్రింట్ కావాలని అడగడు. "ఏ దేశం పోతున్నరు? నడుమ యాడన్న దిగుతరా? వీసా పేజీ ఒకసారి సూపియ్యుండ్రి" అంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది చిరాకు. ఒకాయన మొహమ్మీదే అనేశాడు, నేను జిరాక్స్‌కి వచ్చినా, ఇమిగ్రేషన్‌కి కాదు అని. షాపాయన ఏమీ అనుకోలేదు, నవ్వి ఆయన ఇచ్చిన కాగితం అట్లాగే తీసిచ్చి పంపాడు. గుమ్మం దిగాక కుర్చీలో ఉన్న ఇంకొకాయన అందుకుని, అన్నా ఆ రిపోర్టుకి క్యూఆర్ కోడ్ లేదు, దుబాయ్‌కి నడవదు అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఈ షాపులో కస్టమర్లు కూడా సగం నేర్చేసుకున్నారు మరి.

కౌంటర్ వెనక గోడకి ఒక తెల్ల చార్టు అంటించి ఉంటుంది, గీతలన్నీ స్కేలుతో కొట్టినవి, రాసిందంతా పెన్సిల్‌తో. నిలువు గడుల్లో దేశాలు, అడ్డం గడుల్లో టెస్టు, టీకా, ఫారం, దిగాక ఏం చేయాలి. 2021 డిసెంబర్‌లో నేను చూసినప్పుడు ఇట్లా ఉండింది. యూఏఈకి (దుబాయ్, షార్జా, అబుదాబి ఉన్న దేశం) 48 గంటల్లోపు టెస్టు, రిపోర్టు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి, అది కాక మళ్ళీ ఫ్లైట్‌కి ఆరు గంటల్లోపు ఎయిర్‌పోర్టులోనే ర్యాపిడ్ పీసీఆర్. ఆస్ట్రేలియాకి మూడు రోజులు. ఇంగ్లండ్‌కి రెండు రోజులు, దానితోపాటు లొకేటర్ ఫారం (దిగాక ఎక్కడ ఉంటారో రాసేది), ఆ ఫారం నింపాలంటే అక్కడ దిగిన రెండో రోజులోపు చేయించుకోవాల్సిన టెస్టుకి ఇక్కడే డబ్బు కట్టి రిఫరెన్స్ నంబర్ తెచ్చుకోవాలి. సౌదీకి ముకీమ్ అనే వాళ్ళ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్. అమెరికాకి మూడు రోజులు ఉండేది, డిసెంబర్ 6 నుంచి ఒక్క రోజు చేశారు, అదీ గంటల లెక్క కాదు, ఎక్కే రోజుకి ముందు రోజు అని తేదీ లెక్క. పెన్సిల్‌తో ఎందుకు రాశావని అడిగితే "పెన్నుతోని రాస్తె చార్టులు కొనుడుకే పైసలు సరిపోవు మేడం" అన్నాడు. అమెరికా గడి దగ్గర రబ్బరుతో తుడిచీ తుడిచీ కాగితం పలచబడి వెనకున్న నీలం సున్నం కనిపిస్తోంది.

అసలు ఈయనకి ఇదంతా ఎట్లా తెలుసు అనే అనుమానం నాక్కూడా వచ్చింది. పెద్ద చదువేం లేదు. ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్లలో ప్రయాణ నిబంధనల పేజీ పొద్దున్నే తెరిచి పెట్టుకుంటాడు, ఇంగ్లిష్ అర్థం కాని చోట ఇంటర్ చదివే కూతురిని అడుగుతాడు. వెళ్ళినవాళ్ళతో మాత్రం ఒక మాట తీసుకుంటాడు, దిగినంక ఒక వాయిస్ మెసేజ్ పెట్టండ్రి, కౌంటర్‌ల ఏమేం అడిగిన్రో చెప్పుండ్రి అని. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఈ చుట్టుపక్కల గల్ఫ్‌కి పోని ఊరు లేదు, కాబట్టి ఆ మెసేజ్‌లు రోజూ వస్తూనే ఉంటాయి. యూట్యూబ్‌లో అరుపులు అరిచే వీడియోల కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మా తమ్ముడి సంగతి చెప్తే ఈ షాపు విలువ ఏంటో తెలుస్తుంది. వాడు షార్జాలో ఏసీ మెకానిక్. ఈ మార్చిలో సెలవు మీద వచ్చాడు. ఏప్రిల్ 24 రాత్రి నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి యూఏఈ తలుపులు మూసేసింది. మే 12 నుంచి ఇక్కడ తెలంగాణలో లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకానే బయటికి రావాలి. అంటే పోవాల్సిన దేశంలో వాడి రూమ్మేట్లు డ్యూటీకి పోతున్నారు, సాయంత్రం మాల్‌కి పోయి ఫోటోలు పెడుతున్నారు, వీడేమో పది దాటితే పోలీసుల విజిల్‌కి భయపడి పాల ప్యాకెట్‌తో పరుగెత్తుకొస్తున్నాడు. పోయినేడాది అయితే ఇక్కడా లాక్‌డౌనే, అక్కడ అంతకంటే గట్టిగా నడిచింది. 2020 ఏప్రిల్‌లో దుబాయ్‌లో పగలూ రాత్రీ కర్ఫ్యూ, సరుకులకి పోవాలన్నా పర్మిట్. ఆ నెలాఖరున మాల్స్ తెరిచినా 12 ఏళ్ళలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్ళని రానియ్యలేదు. అప్పుడు ఇక్కడి నుంచి మేం వాడికి ధైర్యం చెప్పాం, ఈసారి వాడి రూమ్మేట్లు మాకు చెప్పారు.

సరే, ఆగస్టు 5న తలుపు కొద్దిగా తీశారు. యూఏఈలోనే రెండు డోసులు వేసుకున్న రెసిడెంట్లకి. మా వాడు రెండూ కరీంనగర్‌లోనే వేసుకున్నాడు. ఇంతలో దుబాయ్ వీసా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం మొదలైంది, వాట్సాప్‌లో ఓపెన్ అయింది ఓపెన్ అయింది అని మెసేజ్‌లు. ఆరు నెలలు దాటితే వీసా పోతుందని ఇంట్లో టెన్షన్. ఒక ట్రావెల్ ఏజెంట్ (పేరు వద్దు) దుబాయ్ అయినా షార్జా అయినా దేశం ఒకటే, టికెట్ వేసేస్తా, పైసలు పంపు అని ఫోన్ల మీద ఫోన్లు. తమ్ముడు టికెట్ ప్రింట్ కోసం అడ్వాన్స్‌గా వీసా కాపీలు తీయించుకుందామని షాపుకి పోతే ఈయన ఆ పేజీ చూసి ఆగిపోయాడు. "తమ్మీ, నీది షార్జా వీసా. దుబాయోళ్ళకి పర్మిషన్ ఇచ్చేటోళ్ళు వేరే, మీకు ఐసీఏ. అండ్ల గ్రీన్ రాకుంట టికెట్ తీస్కోకు, పైసలు పోతయ్" అన్నాడు. అది నిజమే. దుబాయ్ వీసా అయితే జీడీఆర్ఎఫ్ఏ (దుబాయ్ వీసాలు చూసే ఆఫీసు) అనుమతి, షార్జాలాంటి మిగతా ఎమిరేట్లకి ఐసీఏ (యూఏఈ కేంద్ర ఆఫీసు) అనుమతి, వస్తే పచ్చ గుర్తు చూపిస్తుంది, ఒకే దేశంలో రెండు దారులు. ఆ మాటకొస్తే సెప్టెంబర్ 19 దాకా దుబాయ్ నుంచి అబుదాబిలోకి రోడ్డు మీద పోవాలన్నా బార్డర్‌లో టెస్టు రిపోర్టు చూపించాల్సి వచ్చేది, మనకి ఇక్కడ కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయేంత దూరం కూడా కాదు అది.

తమ్ముడు ఆగాడు. సెప్టెంబర్ 12 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ ఒప్పుకున్న టీకా ఎక్కడ వేసుకున్నా సరే అన్నారు, కోవిషీల్డ్‌కి ఆ ఇబ్బంది లేదు. ఐసీఏ గ్రీన్ వచ్చింది, అప్పుడు టికెట్ తీశాం. ఇంక 48 గంటల లెక్క. శాంపిల్ ఇచ్చిన టైం నుంచి లెక్కా, రిపోర్టు వచ్చిన టైం నుంచి లెక్కా అని ఇంట్లో ఇద్దరు ముగ్గురం వాదించుకుంటుంటే షాపాయన ఒక పాత జిరాక్స్ కాగితం వెనక్కి తిప్పి గీత గీశాడు, ఒక కొసన ఫ్లైట్ టైం, అక్కడి నుంచి వెనక్కి ఆరు గంటలు, ఇంకా వెనక్కి 48 గంటలు, మధ్యలో రాజీవ్ రహదారి మీద పోయే టైం, సిద్దిపేట దగ్గర తినడానికి ఆగితే అది కూడా. "శాంపిల్ ఇచ్చిన టైమే లెక్క. ఈ గీతకి ఇవుతలనే ఇయ్యాలె." అంతే. రిపోర్టు వచ్చాక దాని మీద క్యూఆర్ లేదు, ల్యాబ్‌కి ఫోన్ చేస్తే అన్నీ అట్లనే ఇస్తం అన్నారు. షాపాయన ఫోన్ తీసుకుని దుబాయ్ పోయేటోళ్ళకి వేరే ఫార్మాట్ ఉంటది కదన్నా, అది పంపియ్యి అని నెమ్మదిగా అడిగితే అరగంటలో వచ్చింది.

ప్రింట్ విషయం కూడా చెప్పాలి, ఎంతైనా ఇది జిరాక్స్ షాపు రివ్యూ కదా. ప్రింట్ చేతికిచ్చే ముందు ప్రతి క్యూఆర్ కోడ్‌ని తన ఫోన్‌తో స్కాన్ చేసి చూస్తాడు. టోనర్ అయిపోవస్తుంటే కోడ్ మధ్యలో సన్నటి తెల్ల గీత పడుతుంది, మన కంటికి బాగానే కనిపిస్తుంది, స్కానర్‌కి అందదు. అట్లాంటిది వస్తే చించేసి మళ్ళీ తీస్తాడు, రెండోదానికి పైసలు తీసుకోడు. టీకా సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయమంటే వదిన ఒప్పుకోదు. "లైటు కింద మెరుస్తది అక్కా, స్కాన్ కాదు, ప్లాస్టిక్ కవర్ల పెట్టుకో" అంటుంది. లామినేషన్‌కి ముప్పై రూపాయలు వచ్చేది వద్దని చెప్పే షాపు నేనింకా ఎక్కడా చూడలేదు.

మా అమ్మా బాపుల పని దీనికంటే పెద్దది. చెల్లె సిడ్నీలో ఉంటుంది, పోయినేడాది దానికి పాప పుట్టింది, వీళ్ళు ఇంకా చూడలేదు. ఆస్ట్రేలియా 2020 మార్చిలో వేసిన తలుపు అది, బయటివాళ్ళకి దాదాపు వేసే ఉండేది. ఈ మేలో మేం ఇక్కడ ఆక్సిజన్, బెడ్లు అని వణుకుతుంటే అది అక్కడ మామూలుగా తిరుగుతోంది, రోజూ వీడియో కాల్‌లో ఏడుపు. జూన్ 20కల్లా మన దగ్గర అన్నీ ఎత్తేశారు, సరిగ్గా అదే వారం చివర్లో సిడ్నీలో లాక్‌డౌన్ పెట్టారు. జూలైలో మేం ఇక్కడ బోనాల జనంలో నలుగుతుంటే అది ఇంటి నుంచి కొన్ని కిలోమీటర్లు దాటడానికి లేదు. వంద రోజులు దాటాక అక్టోబర్ 11న సడలించారు, సద్దుల బతుకమ్మ ఆ వారమే వచ్చింది. పార్కులో 30 మందికి మించకూడదని రూలు కాబట్టి వాళ్ళు లెక్కపెట్టుకుని, బతుకమ్మ పెట్టి ఆడుకున్నారట. ఇక్కడ మా వాడలో ఆ రోజు కాలు పెట్టే సందు లేదు, మాస్కు ఎవరి మూతికి ఉందో వెతకాలి.

నవంబర్ 1న ఆస్ట్రేలియా తలుపు తీస్తూ అక్కడి సిటిజన్లు, పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) ఉన్నవాళ్ళ తల్లిదండ్రుల్ని కూడా దగ్గరి కుటుంబం కింద లెక్కవేసింది. అంతకుముందు భార్యాభర్తలు, పిల్లలే కుటుంబం వాళ్ళకి. ఇంకో అదృష్టం, మా వాళ్ళిద్దరూ వేసుకున్నది కోవాక్సిన్, దాన్ని కూడా ఆస్ట్రేలియా అదే రోజు ఒప్పుకుంది, డబ్ల్యూహెచ్‌ఓ రెండు రోజుల తర్వాత నవంబర్ 3న, ఇంగ్లండ్ నవంబర్ 22న. చార్టులో కోవాక్సిన్ గడిలో అన్ని ఇంటూ మార్కులు ఉండేవి, ఒక్కొక్కటే చెరిగి టిక్కులు అయ్యాయి.

ఇక కాగితాలు. బాపు పేరు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. టీకా వేయించుకున్నప్పుడు ఆధార్ ఇచ్చాం, కాబట్టి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే వచ్చింది. అమ్మకి ఆధార్‌లో పుట్టిన సంవత్సరమే ఉంది, పాస్‌పోర్టులో తేదీ, నెల అన్నీ ఉన్నాయి. మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో ఇది లేని ఇల్లు ఉండదు. కోవిన్‌లో (ప్రభుత్వ టీకా వెబ్‌సైట్) పాస్‌పోర్టు నంబర్ కలిపి, పుట్టిన తేదీ మొత్తం వచ్చేలా విదేశీ ప్రయాణం సర్టిఫికెట్ తీసుకోవచ్చు, అది ఫోన్‌లో మనమే చేసుకోవచ్చు, ఫ్రీ. కానీ ఈయన చేసే పద్ధతి వేరే. ముందు పాస్‌పోర్టులో ఉన్న పేరుని స్పెల్లింగ్ స్పెల్లింగ్‌గా బయటికి చదువుతాడు, పక్కన ఉన్నవాళ్ళని కూడా చూడమంటాడు, "బాపూ, ఒకసారి దిద్దినంక మల్ల మల్ల దిద్దనియ్యడు, మంచిగ సూడుండ్రి" అని బాపు చేతనే అవునని చెప్పించుకుని అప్పుడు నొక్కుతాడు. టైం పడుతుంది, వెనకవాళ్ళు గునుస్తారు, అయినా తొందరపడడు.

చెల్లె మా అమ్మానాన్నల కూతురే అని ఆస్ట్రేలియావాళ్ళకి రుజువు కావాలి. చెల్లెకి బర్త్ సర్టిఫికెట్ ఎక్కడిది, అది పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. నేను టెన్త్ మెమో పట్టుకుపోయాను. షాపాయన మెమో పక్కన పెట్టి చెల్లె పాస్‌పోర్టు ఆఖరి పేజీ స్కాన్ పంపమన్నాడు. మన పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు, తండ్రి పేరు రెండూ ఉంటాయి, గవర్నమెంటు ఇచ్చిన కాగితం అది. మెమో, ఆ పేజీ రెండూ కలిపి అప్‌లోడ్ చేశాం, అనుమతి వచ్చింది. డిసెంబర్ మొదట్లో ఢిల్లీ మీదుగా వెళ్ళారు. వెళ్ళేలోపు ఒమిక్రాన్ వచ్చి, టీకా వేసుకున్నా సరే దిగినవాళ్ళు 72 గంటలు ఇంట్లోంచి కదలొద్దని సిడ్నీలో కొత్త రూలు పెట్టారు. అమ్మ ఫోన్‌లో, ఇంతదూరం వచ్చి కూడా మూడు రోజులు పాపని ముద్దు పెట్టుకోవడానికి మాస్కు అడ్డమేనా అని ఒకటే గొణుగుడు.

దమ్మాంలో పనిచేసే మా పెద్దమ్మ కొడుకుది తక్కువలో చెప్తా. సౌదీ ఇండియా నుంచి నేరుగా రానియ్యకపోవడంతో నిషేధం లేని ఏదో ఒక దేశంలో 14 రోజులు ఉండి అక్కడి నుంచి పోయేవాళ్ళు, దానికి అయ్యే ఖర్చుకి ఇక్కడ ఒక గుంట జాగా వస్తుంది. షాపాయన వాడికి ఆగమనే చెప్పాడు, ఆ దేశం కూడా నడుమల మూసేస్తే అక్కడ ఇరుక్కుంటవ్ అని. డిసెంబర్ 1 నుంచి నేరుగా రావచ్చని సౌదీ చెప్పింది, ఐదు రోజుల హోటల్ క్వారంటైన్‌తో. ఇప్పుడు వాడి ఫైలు తయారవుతోంది.

ఇంకో సంగతి నా కళ్ళ ముందు జరిగింది. ఒకతను బైకు మీద వచ్చి, పెన్ డ్రైవ్ ఇచ్చి, ఈ పీసీఆర్ రిపోర్టుల తేదీ ఒక్కటి మార్చి ప్రింటియ్యి, రెండు వేలిస్తా అన్నాడు. షాపాయన పెన్ డ్రైవ్ ముట్టుకోలేదు. "నీ ఒక్కని కోసం రేపు కరీంనగర్ కాగితం అంటేనే ఎవ్వడు నమ్మడు. పో." గట్టిగా అనలేదు కూడా. అతను ఇంకో షాపుకి పోయి ఉంటాడు, అది వేరే విషయం.

ఇక స్టారు కోసిన సంగతి. ఈ షాపు కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఊరందరి పాస్‌పోర్టులు ఉన్నాయి. అతిశయోక్తి కాదు. నా తమ్ముడి పేరుతో ఫోల్డర్, దాని పక్కన ఎవరిదో వీసా, ఎవరిదో భార్య ఆధార్, ఎవరిదో బ్యాంకు పాస్‌బుక్కు, స్క్రీన్ కౌంటర్ వైపే తిరిగి ఉంటుంది, నిలబడ్డవాళ్ళందరికీ కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపినవి ఆయన ఫోన్‌లో ఎప్పటివరకు ఉంటాయో ఆయనకే తెలియదు. ఓటీపీ వస్తే నంబర్ గట్టిగా చెప్పమంటాడు, అందరి ముందు. అడిగితే "మల్ల వస్తరు కదా మేడం, మళ్ళీ స్కాన్ చేసుడెందుకని ఉంచిన" అన్నాడు. మనిషి మంచోడు, ఉద్దేశం మంచిదే, కానీ ఆ కంప్యూటర్ ఎవడైనా ఎత్తుకుపోతే ఎంతమంది బతుకు పోతుందో ఆలోచించడం లేదు. నేను మా వాళ్ళ ఫోల్డర్లు నా ముందే డిలీట్ చేయించాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను. మీరూ అడగండి, మొహమాటపడొద్దు, అడిగితే చేస్తాడు.

రేట్ల గురించి కూడా ఒక మాట. బ్లాక్ అండ్ వైట్ రెండు రూపాయలు, కలర్ పది. ఫారాలు నింపితే వంద నుంచి మూడొందల దాకా. ఇండియాకి తిరిగొచ్చేవాళ్ళు అప్పట్లో ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం ఇక్కడి నుంచే నింపి పంపేవాడు, దానికీ వంద. ఎయిర్ సువిధ ఫ్రీ అని తెలిసినవాళ్ళు గొడవ పెట్టుకునేవాళ్ళు, ఆయన ఫారానికి కాదు టైపింగ్‌కి తీసుకుంటున్నా అనేవాడు. నాకైతే అది న్యాయమే అనిపించింది, ఇంగ్లిష్ రానివాళ్ళు ఏజెంట్లకి ఇచ్చే వేలతో పోలిస్తే.

కూర్చోవడం మాత్రం నరకం. టోకెన్ లేదు, లైను లేదు, ఎవరు ముందు వచ్చారో వదిన గుర్తుపెట్టుకుంటుంది, అంతే. కరెంటు పోతే ఇన్వర్టర్ కంప్యూటర్లకే సరిపోతుంది, ప్రింటర్ ఆగిపోతుంది. మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్ అని గోడ మీద కాగితం ఉంది, దాని కిందే నలుగురు మాస్కు లేకుండా ఛాయ్ తాగుతుంటారు. నిలబడే తీరు చూసి ఎవరు ఏ దేశం నుంచి వచ్చారో చెప్పొచ్చు. మొన్న సింగపూర్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి గుమ్మం దగ్గరే ఆగి, చెక్-ఇన్ చేయడానికి ఫోన్ తీసి కోడ్ కోసం గోడ మీద వెతికాడు, అక్కడ ప్రతి షాపులో అట్లా చేసి చేసి అలవాటైపోయిందట. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు మాస్కు తీయరు, ఫైన్ అంటే ఏంటో వాళ్ళకి తెలుసు.

ఈ బుధవారం, డిసెంబర్ 15, షాపులో పట్టిన జనం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ఇండియా మామూలు విదేశీ విమానాలు మళ్ళీ మొదలుపెడతామని ముందు చెప్పింది, ఒమిక్రాన్ భయంతో మాట వెనక్కి తీసుకుని జనవరి 31 దాకా లేవంది, కాబట్టి అదే చూసుకుని ఉన్నవాళ్ళందరూ పరుగెత్తుకొచ్చారు. సరిగ్గా ఆ రోజే తెలంగాణలో మొదటి ఒమిక్రాన్ కేసులు బయటపడ్డాయని టీవీలో. అదే రోజు సిడ్నీలో షాపుల్లో మాస్కు అక్కర్లేదన్నారని చెల్లె మెసేజ్, అదే రోజు నుంచి ఇంగ్లండ్‌లో క్లబ్బులకి పెద్ద పెద్ద ఫంక్షన్లకి కోవిడ్ పాస్ చూపించాలట, జనవరిలో అక్కడికి చదువుకి పోయే అమ్మాయి అడుగుతోంది. అప్పుడు ఇంగ్లండ్ మన ప్రభుత్వం పెట్టిన రిస్కు దేశాల లిస్టులో ఉండేది, అక్కడి నుంచి వస్తే దిగగానే టెస్టు, నెగెటివ్ వచ్చినా ఏడు రోజులు ఇంట్లో, ఎనిమిదో రోజు మళ్ళీ టెస్టు. గల్ఫ్, అమెరికా, ఆస్ట్రేలియా ఆ లిస్టులో లేవు, అక్కడి నుంచి వచ్చేవాళ్ళలో నూటికి ఇద్దరికి టెస్టు చేసేవాళ్ళు. షాపాయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, అడిగిన ప్రతి ఒక్కరికీ ఓపికగా అదే చెప్పాడు. నాకు ఓపిక అయిపోయింది, ఆయనకి కాలేదు.

2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా మేడారం జాతర కాబట్టి గల్ఫ్ నుంచి సెలవు పెట్టి రావాలనుకునేవాళ్ళు ఇప్పటి నుంచే అడుగుతున్నారు. వాళ్ళకి ఆయన చెప్పేది, తేదీ మార్చుకునే రిటర్న్ టికెట్టే తీసుకోండి, అక్కడ రెండు డోసులు వేసుకున్న కాగితం వెంట తెచ్చుకోండి, ఫోన్‌లో యాప్ ఉంటే సరిపోతుందనుకోవద్దు, ఇక్కడి సిమ్ వేస్తే కొన్ని యాప్‌లు తెరుచుకోవు. నేను చెప్పేది, మీ సొంత పెన్ డ్రైవ్ తీసుకుపోండి, ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకుపోండి, కాపీ చూసి ఆయన పేరు దిద్దడు. పొద్దున తొమ్మిదిన్నరలోపు వెళ్తే గంటలో బయటపడతారు. ఆదివారం సగం పూట ఉంటుంది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, ఎంత కొట్టినా పలకరు.